చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే కారు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

మొన్న వానాకాలంలో బెంగళూరు మారతహళ్లి నుంచి తిరుపతికి బయల్దేరాం. హొసకోటె దాటి కోలార్ వైపు వెళ్తుంటే స్పీడోమీటర్ పక్కన పసుపు రంగులో చిన్న ఇంజిన్ బొమ్మ వెలిగింది. వెనక సీట్లోంచి అమ్మ "ఏమిరా అది, ముందు బండి ఆపు" అంది. పక్కనున్న బావ "ఏం కాదులే అత్తా, సెన్సరేదో పోయుంటుంది, తిరుపతి పోయొచ్చినాక చూసుకుందాం" అన్నాడు. ఇంజిన్ శబ్దంలో తేడా లేదు, పికప్ తగ్గలేదు, టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటే ఉంది. అమ్మ భయంలో అర్థముంది, బావ ధీమాలోనూ అర్థముంది, కానీ ఇద్దరిలో ఎవరిది సరైన మాటో తేల్చే సమాచారం మాత్రం ఆ బొమ్మలో లేదు.

ఈ మధ్య ఈ గందరగోళం బాగా పెరిగింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు, ఒకరు ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్లే అంటారు, ఇంకొకరు పెట్రోలు మూత సరిగ్గా బిగించి చూడమంటారు, మరొకరు బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెట్టమంటారు. ఒక్కో మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తెలియాలంటే అసలు ఈ లైటును ఎందుకు పెట్టారో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఆ లైటు కాపలా కాసేది ముఖ్యంగా పొగను

పేరులో ఇంజిన్ ఉంది కాబట్టి ఇంజిన్ ఆరోగ్యం మొత్తాన్ని అదే చూస్తుందని అనుకుంటాం. కానీ అది పుట్టింది కాలుష్యం కోసం. లాస్ ఏంజెలెస్ పొగమంచుతో విసిగిపోయిన కాలిఫోర్నియా, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ పరిమితి దాటితే కారే తన డ్రైవరుకు చెప్పాలని ముందు పట్టుబట్టింది. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఒకే రకం ఏర్పాటు తప్పనిసరి అయింది. దాన్నే ఓబీడీ2 అంటున్నాం, అంటే బండి తనను తాను పరీక్షించుకునే పద్ధతి. మన దేశంలో బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్4 నిబంధనల కింద 2010 ఏప్రిల్ నుంచి మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక పరిమితులు బిగిశాయి, 2023 ఏప్రిల్ నుంచి ఇంకా బిగిశాయి. పాత కారులో ఎప్పుడూ వెలగని లైటు కొత్త కారులో వెలుగుతోందంటే, కొత్త కారు నాసిరకమనే అర్థం రాదు. పాతది పట్టించుకోని చిన్న తేడాను కూడా కొత్తది రాసి పెట్టుకుంటోంది, అంతే.

దీనివల్ల తేలే ఒక సంగతిని మాత్రం గట్టిగా చెప్పాలి. ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఇంజిన్ బాగా వేడెక్కడం లాంటి నిజంగా బండి ఆపేయాల్సిన ప్రమాదాలకు వేరే లైట్లున్నాయి, అవి ఎర్రవి. పసుపు బొమ్మ వెలగలేదు కదా అని ఎర్ర ఆయిల్ లైటుతో బండి నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది.

ఇంకో సంగతి, తాళం తిప్పగానే ఇంజిన్ స్టార్ట్ కాకముందు ఈ బొమ్మ కూడా మిగతా లైట్లతో పాటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అది బల్బు పరీక్ష. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు తాళం తిప్పినా ఆ బొమ్మ అసలు కనిపించకపోతే ఎవరో దాన్ని కావాలనే పని చేయకుండా చేశారేమో అని అనుమానించాలి.

నిలకడగా వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు

లైటు కదలకుండా వెలుగుతోందంటే ఏదో కొలత హద్దు దాటింది, బండి దాన్ని నమోదు చేసుకుంది, చూపించుకోవాలి, కానీ ఈ నిమిషమే కాదు. కోలార్ దగ్గర మాది అదే. టీ కొట్టు దగ్గర ఆపి, బానెట్ ఎత్తి, ఆయిల్, కూలెంట్ చూసుకుని, మెల్లగా తిరుపతి వెళ్లొచ్చాం.

మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటుంటే సంగతి పూర్తిగా వేరు. మెకానిక్‌లు "ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది" అంటారే, ఆ మిస్సింగ్ తీవ్రంగా ఉన్నప్పుడే అలా మిణుకుతుంది. ఒక సిలిండర్‌లో మంట అంటుకోక పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది. అది నేరుగా సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి, అక్కడి వేడికి అక్కడ కాలుతుంది. లోపల తేనెపట్టులాంటి సన్నటి పింగాణీ గూళ్లుంటాయి, వాటి మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉంటుంది. ఆ మంటకు గూళ్లు కరిగి ముద్దయిపోగలవు. ఇగ్నిషన్ కాయిల్ ఒక్కటి మార్చుకుంటే పోయే పని, అలాగే ఇరవై కిలోమీటర్లు నడిపినందుకు కన్వర్టర్ మార్చాల్సిన పని అవుతుంది. "ఆపు" అన్న అమ్మ మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు సరైనది.

కోడ్ అంటే ఎఫ్ఐఆర్, తీర్పు కాదు

స్టీరింగ్ కింద, డ్రైవరుకు చేయి అందే చోట పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి స్కానర్ పెడితే ఒక అక్షరం, నాలుగు అంకెలు వస్తాయి. నాకు వచ్చింది పీ0171.

ఇలాంటి కోడ్‌లో మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్సుల వైపు సమస్య. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ వైపు, బీ అయితే బాడీ, యూ అయితే లోపలి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో సమస్య. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి అయితే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్. ఆ తర్వాతి అంకె శాఖను చెబుతుంది. ఒకటి, రెండు అయితే గాలి-పెట్రోలు లెక్క, మూడు అయితే మిస్సింగ్, నాలుగు అయితే పొగను శుభ్రం చేసే భాగాలు. అందుకే పీ0301 చూడగానే ఒకటో సిలిండర్ మిస్సింగ్ అనీ, పీ0300 అయితే ఫలానా సిలిండర్ అని తేలని మిస్సింగ్ అనీ పుస్తకం చూడకుండానే చెప్పేస్తారు.

జనం దెబ్బతినేది ఇక్కడే. కోడ్ ఒక భాగం పేరు చెప్పినంత మాత్రాన ఆ భాగం పాడైందని కాదు. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాస్తారు, అందులో ఫిర్యాదు ఉంటుంది, ఎక్కడ జరిగిందో ఉంటుంది, ఒక్కోసారి ఎవరి మీదో అనుమానం కూడా ఉంటుంది. అయినా అందులో పేరున్నవాడు దోషి అయిపోడు, విచారణ జరగాలి. కోడ్ కూడా అంతే. ఈ పోలిక చాలా దూరం నడుస్తుంది కూడా. తేడా ఒక్కసారి కనబడగానే బండి లైటు వెలిగించదు. చాలా రకాల తప్పుల విషయంలో ముందు "పెండింగ్" అని రాసుకుంటుంది, ఇంకో ప్రయాణంలోనూ అదే తేడా కనిపిస్తే అప్పుడు ఖాయం చేసి లైటు వేస్తుంది. మిణుకుమనేంత మిస్సింగ్ మాత్రం అలా ఆగదు. తప్పు నమోదైన క్షణాన బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది, కూలెంట్ వేడి ఎంత అన్నీ ఒక ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అది పంచనామా లాంటిది, నేరం జరిగిన చోటు ఎలా ఉందో అలాగే రాసి పెట్టిన కాగితం. విచారణకు అంతకన్నా పనికొచ్చేది ఇంకోటి ఉండదు. కోడ్ చెరిపేస్తే అది కూడా పోతుంది.

పీ0171 కథ: సెన్సర్ తప్పు చెప్పలేదు

పీ0171కు అర్థం, ఒకటో బ్యాంక్‌లో మిశ్రమం పలచబడింది అని. బ్యాంక్ అంటే సిలిండర్ల వరుస, మనం నడిపే నాలుగు, మూడు సిలిండర్ల కార్లలో ఒకే వరుస ఉంటుంది కాబట్టి దాని గురించి ఆలోచించక్కర్లేదు. పలచబడడం అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ కావడం. మామూలు పెట్రోలు సరిగ్గా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి "గాలి ఎక్కువైంది" అంటే, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ పెట్రోలు కాస్త పెంచుతుంది. ఇలా పెంచడాన్ని, తగ్గించడాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ప్లస్ 10 అంటే లెక్క ప్రకారం పోయాల్సిన దానికంటే పది శాతం ఎక్కువ పోస్తోందని. నాలుగైదు శాతం అటూ ఇటూ మామూలే. చాలా కార్లలో 25 దరిదాపులకు వెళ్తే ఇక సర్దలేనని లైటు వేస్తుంది.

నేను కారు తీసుకెళ్లిన సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, ఆ కోడ్ చూసి, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలని ఆరువేల ఎనిమిది వందలకు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఫ్రీజ్ ఫ్రేమ్ చూశారా అని అడిగితే ఆ అబ్బాయి దగ్గర సమాధానం లేదు, పాపం అతనికి రోజుకు ఎన్ని బండ్లో.

జేసీ రోడ్డు వెనక సందులో ఒక షెడ్డుంది, అక్కడి పెద్దాయనది మదనపల్లె. ఆయన కాగితం చూసి, "సెన్సర్ తప్పేముంది సార్, అది ఉండేదే చెప్తా ఉంది. గాలి ఎక్కువైంది అనింది, ఎక్కడి నుంచి వస్తా ఉందో మనం కదా చూడాల్సింది" అన్నాడు. స్కానర్ పెట్టి పంచనామా తీశాడు. వేగం సున్నా, 760 ఆర్‌పీఎం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే బండి వేడెక్కి, సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు తప్పు నమోదైంది. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు రెండు ట్రిమ్‌లూ, అంటే అప్పటికప్పుడు సర్దేదీ, నేర్చుకుని దాచుకున్నదీ కలిపితే ప్లస్ 27. నన్ను యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోమన్నాడు. ట్రిమ్ దిగుతూ దిగుతూ ప్లస్ 6 దగ్గర ఆగింది. "అయిపోయింది సార్, ఇది హోస్ పైపే" అన్నాడు, ఇంకా బానెట్ కూడా ఎత్తలేదు.

అంత ధైర్యంగా ఎలా చెప్పాడో ఆయన వివరించాక గానీ నాకు ఎక్కలేదు. నా కారులో లోపలికి వెళ్లే గాలిని ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఒక సెన్సర్ కొలుస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చినవాళ్లను లెక్క రాసుకున్నాడనుకోండి, ఆ లెక్క చూసి వంటవాళ్లు భోజనాలు సిద్ధం చేశారు. వెనక కాంపౌండ్ గోడ కూలిన చోటు నుంచి ఇంకో ఐదుగురు వచ్చేశారు. రిజిస్టర్‌లో ఇరవై మందే ఉన్నారు కాబట్టి ఆ ఐదుగురి కోసం వండినదానికి ఇంకో నాలుగో వంతు కావాల్సొస్తుంది, గోల అవుతుంది. అదే గేటు నుంచి వంద మంది వచ్చిన రోజు ఆ ఐదుగురు వచ్చినా పెద్దగా తెలియదు, ఐదు శాతం అంతే. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు పీల్చే గాలి తక్కువ, కాబట్టి చిల్లు నుంచి దూరే గాలి పెద్ద వాటా. రేస్ చేసినప్పుడు పీల్చేది ఎక్కువ, చిల్లు అంతే ఉంటుంది, వాటా చిన్నదైపోతుంది. 27 నుంచి 6కు పడిపోవడం అంటే గోడ కూలిందని రాతపూర్వకంగా చెప్పడమే.

ఇది తలకిందులుగా ఉంటే, అంటే స్లోలో అంతా బాగుండి రోడ్డు మీద లోడ్ పడ్డప్పుడు ట్రిమ్ పైకి పోతుంటే, అప్పుడు చిల్లు మాట పక్కన పెట్టి పెట్రోలు సరిపడా రావడం లేదేమో చూడాలి. బలహీనపడిన పంపు, మూసుకుపోయిన ఫిల్టర్, దుమ్ము పట్టి గాలిని తక్కువగా కొలుస్తున్న సెన్సర్, ఇవి అనుమానితులు. కోడ్ మాత్రం రెండు సందర్భాల్లోనూ అదే పీ0171.

బానెట్ ఎత్తాక ఆయన ఒక నల్లటి రబ్బరు గొట్టాన్ని, చూపుడు వేలంత లావుది, వంకర దగ్గర పట్టుకుని మెల్లగా వంచాడు. నిటారుగా ఉన్నంతసేపు ఏమీ కనబడలేదు, వంచితే అడుగున పెదవులు విడినట్టు చీలిక తెరుచుకుంది, సన్నగా సుయ్యిమని శబ్దం. దాని మీద కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే చుక్క కొట్టగానే ఇంజిన్ శబ్దం మారింది. గొట్టం, క్లిప్పులు, కూలీ కలిపి ఏడు వందలు. సెన్సర్ మార్చి ఉంటే ఆరువేల ఎనిమిది వందలు పోయేవి, కొత్త సెన్సర్ కూడా నిజమే చెప్పేది, లైటు మళ్లీ వెలిగేది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటేస్తే ఈ లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. మన చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండదు, సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో, అంటే మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచి దాన్నిబట్టి గాలిని లెక్కగడతాయి. వాటిలో మానిఫోల్డ్ వైపు చిల్లు పడితే ఒత్తిడి కూడా పెరుగుతుంది కాబట్టి ఆ గాలి చాలావరకు లెక్కలోకే వస్తుంది. మిశ్రమం పలచబడే బదులు స్లో ఆర్‌పీఎం పెరగడం, ఊగిసలాడడం కనిపిస్తుంది. ఒత్తిడి సెన్సర్ గురించి బెంగళూరువాళ్లకు ఇంకో చిన్న సంగతి. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంజిన్ ఆపి తాళం మాత్రమే ఆన్ చేసి చూస్తే ఆ సెన్సర్ ఇక్కడ 91 కిలోపాస్కల్ దగ్గర చూపాలి, చెన్నైలో అయితే 101 దగ్గర. చెన్నై మిత్రుడి అంకెతో పోల్చుకుని సెన్సర్ పాడైందనుకుంటే పొరపాటు.

పీ0420: ఖరీదైన భాగం మీద నింద పడ్డప్పుడు

ఈ కోడ్‌కు అర్థం, క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం హద్దు కంటే తగ్గింది అని. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. పాత రకం సెన్సరైతే ముందుది 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు మధ్య పైకీ కిందకీ ఊగుతూ ఉండాలి, కొత్త కార్లలో చాలావాటికి ముందు వైపు వేరే రకం సెన్సర్ ఉంటుంది, దాని అంకెలు వేరు. వెనకది మాత్రం పెద్దగా కదలకుండా 0.6, 0.7 దగ్గర నిలబడాలి. ఎందుకంటే మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుంటూ, వదులుతూ ఊపును మింగేస్తుంది. వెనక సెన్సర్ కూడా ముందుదానిలా గంతులేస్తుంటే కన్వర్టర్‌కు ఆ శక్తి పోయిందని ఈసీయూ తేలుస్తుంది.

అది నిజమే కావచ్చు. వెనక సెన్సర్‌కు ముందు సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకుండి బయటి గాలి దూరుతున్నా ఇదే కోడ్ రావచ్చు. కన్వర్టర్ నిజంగానే పోయిందనుకున్నా, దానంతట అది పోవడం తక్కువ. నెలల తరబడి పట్టించుకోని మిస్సింగో, ఇంజిన్ ఆయిల్ తాగడమో దాన్ని చంపి ఉంటుంది. ఆ కారణాన్ని వదిలేసి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి. అందుకే ఈ కోడ్ వచ్చినప్పుడు దీనితో పాటు ఇంకేం కోడ్లున్నాయి అన్నది కోడ్ కన్నా ముఖ్యమైన ప్రశ్న. పీ0302, పీ0420 రెండూ కలిసి ఉంటే ముందు రెండో సిలిండర్ సంగతి చూడాలి.

మన ఊరి ట్రాఫిక్, మన ఊరి ఎలుకలు

బీఎస్6 డీజిల్ కారు ఉన్నవాళ్లకు ఈ లైటు ఎక్కువగా డీపీఎఫ్ దారిలో వస్తుంది. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ అది. నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి మసిని కాల్చేసుకుంటుంది, అందుకు కాసేపు ఆగకుండా నడిచే రోడ్డు కావాలి. టామ్‌టామ్ సంస్థ లెక్కల్లో 2022లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాలు పట్టింది, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు. సిల్క్ బోర్డ్ నుంచి ఇంటికి పాకే బండికి ఆ కాల్చుకునే పని సగంలోనే ఆగిపోతూ ఉంటుంది. ముందు డీపీఎఫ్ గుర్తు, దాన్ని పట్టించుకోకపోతే ఇంజిన్ గుర్తు, ఆ తర్వాత పికప్ తగ్గించేయడం, ఈ వరుసలో వస్తాయి. దేవనహళ్లి రోడ్డులోనో నెలమంగల దాటాకో ఒక ఊపున నడిపితే మసి పోతుందని చెప్పేది నిజమే. కానీ ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద ఎంత నడిపినా కాలదు, అది లక్ష కిలోమీటర్లు దాటిన బండ్ల కథ.

బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్నవాళ్లకు ఎలుకలు. వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా స్నేహితురాలి కారుకు పీ0141 వచ్చింది, వెనక ఆక్సిజన్ సెన్సర్‌ను వేడిచేసే హీటర్ సర్క్యూట్ లోపం అని. ఈ కోడ్ పేరులో "సర్క్యూట్" అన్న మాట చాలా విలువైనది. కోడ్లలో రెండు జాతులున్నాయి. కొలత నమ్మశక్యంగా లేదనేది ఒకటి, కరెంటు దారి తెగిందనో కలిసిపోయిందనో చెప్పేది రెండోది. రెండో జాతిలో సెన్సర్ కన్నా ముందు ఫ్యూజు, వైరు, కనెక్టరు అనుమానితులు. ఆమె కారులో వైరు మీద పళ్ల గాట్లు స్పష్టంగా ఉన్నాయి, అతుకు వేసి టేపు చుడితే తీరిపోయింది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, బెల్లందూరు మునిగినట్టు నీళ్లొచ్చినప్పుడు కనెక్టర్లలో తడి చేరి ఇలాంటి కోడ్లే వస్తాయి. కొన్ని ఆరగానే పోతాయి, కొన్ని నెలల తర్వాత పచ్చటి తుప్పుగా తిరిగొస్తాయి.

పెట్రోలు మూత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూత వదులైతే లైటు వస్తుందనే సలహా అమెరికా నుంచి వచ్చింది. అక్కడి కార్లు ట్యాంకులోని ఆవిరి లీకవుతోందా అని పరీక్షించుకుంటాయి. మన నిబంధనలు ఐరోపా బాటలో నడిచాయి, ఇక్కడ అమ్మే చాలా కార్లలో ఆ లీకు పరీక్షే ఉండదు. మూత బిగించుకోవడం మంచిదే, కానీ దాంతో లైటు ఆరుతుందని నాలుగు రోజులు ఎదురుచూడడం దండగ.

ఈ20 వల్లే లైటు వస్తోందా?

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును ప్రధాని మోదీ 2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్‌లో ప్రారంభించారు. 2025కల్లా అది దేశమంతా బంకుల్లో మామూలైపోయింది, వాదనా మొదలైంది. పాత కార్ల యజమానులు మైలేజీ పడిపోయిందని, రబ్బరు భాగాలు దెబ్బతింటున్నాయని అంటున్నారు. ప్రభుత్వం పరీక్షల్లో పెద్ద సమస్యలు కనబడలేదని, మైలేజీ తగ్గుదల స్వల్పమేనని అంటోంది. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై ఈ10కు, అంటే పది శాతం ఇథనాల్‌కు సర్దిన నాలుగు చక్రాల బండ్లకు 6 నుంచి 7 శాతం, ఈ10కు తయారై ఈ20కు సర్దినవాటికి 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గుతుందని రాశారు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.

లైటు వరకు చూస్తే రెండు వైపులా పట్టుకోదగ్గ మాట ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి దానికి గాలి తక్కువ చాలు, 14.7 బదులు 9. ఈ10కు సరైన నిష్పత్తి దాదాపు 14.1, ఈ20కు దాదాపు 13.5. అంటే ఈ10 నుంచి ఈ20కు మారితే ఈసీయూ నాలుగైదు శాతం ఎక్కువ పోయాలి. బాగున్న బండి ఆ మాత్రం చెమట పట్టకుండా సర్దుకుంటుంది. ట్రిమ్ 2 ఉన్నది 7 అవుతుంది, లైటు రాదు. కానీ నా కారులాంటిదే, గొట్టం సగం చీలి ట్రిమ్ అప్పటికే 21కి చేరిన బండి ఒకటి ఉందనుకోండి. ఇంకో ఐదు కలిస్తే 26, లైటు వచ్చేస్తుంది. యజమాని బంకును తిడతాడు, ఎందుకంటే ఆయన కళ్లముందు మారింది పెట్రోలే. చీలింది గొట్టం, బయటపెట్టింది ఈ20. ఆ గొట్టం చీలడంలో ఇథనాల్ పాత్ర ఉందా అన్నది ఒక్కో కారుకు విడిగా చూడాల్సిన ప్రశ్న, పెట్రోలు తగిలే పాత రబ్బరుకు ఆ ప్రమాదం ఉంది, నా కారులోలా గాలి మాత్రమే వెళ్లే గొట్టానికి వేడీ వయసూ చాలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. ట్యాంకు నింపిన గంటలోనే మిస్సింగ్ మొదలైతే, ఈ20 అన్న పేరు కన్నా ఆ బంకు ట్యాంకులో నీళ్లు చేరాయా అన్న అనుమానమే బలమైనది.

చెరిపేయాలా, వద్దా

వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ పరికరం దొరుకుతోంది, ఫోన్‌లో ఒక్క నొక్కుతో కోడ్ చెరిగిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ తీయడం దానికి పాత రూపం. చెరిపి చూడాలనేవాళ్ల వాదనలో పస ఉంది, తడి వల్ల ఒక్కసారి వచ్చిపోయిన తప్పయితే మళ్లీ రాదు, నిజమైన లోపమైతే తిరిగొస్తుంది, అది కూడా పరీక్షే. వద్దనేవాళ్లు చెప్పేదీ నిజమే, పంచనామా పోతుంది, ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ పోతుంది, తనను తాను పరీక్షించుకున్న ఫలితాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ ఫొటో తీసి పెట్టుకున్నాక చెరిపితే ఈ రెండు వాదనలకూ గొడవ ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పొగ తనిఖీకి ఆ సాకెట్‌కే యంత్రం పెడతారు కాబట్టి చెరిపితే దొరికిపోతారు. మన పీయూసీలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగను మాత్రమే కొలుస్తారు. అందుకే లైటు వెలుగుతున్న బండి కూడా పీయూసీ పాసవ్వగలదు, పాసైంది కదా అని లోపం లేదనుకోకూడదు.

కంపెనీ సర్వీస్ సెంటరా, షెడ్డా అన్నదానికి కూడా ఒకటే జవాబు లేదు. వారంటీలో ఉన్న బండికి, కంపెనీ సొంత కోడ్లకు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తీరే సమస్యలకు సర్వీస్ సెంటర్‌లో ఉండే స్కానరే కావాలి, చవక పరికరాలు అవి చదవలేవు. ఒక గొట్టాన్ని వంచి చూసేంత తీరిక మాత్రం నాకు షెడ్డులోనే దొరికింది.

గొట్టం మార్చాక కోడ్ చెరిపేయమని నేనే అడిగాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "వద్దు సార్, మనం బాగు చేసుంటే అదే ఆరిపోతుంది, అప్పుడు మీకూ నమ్మకం, నాకూ నమ్మకం" అన్నాడు. తప్పు లేకుండా వరుసగా మూడు ప్రయాణాలు, అది కూడా తప్పు జరిగినప్పటి లాంటి పరిస్థితుల్లో గడిస్తే లైటు దానంతట అదే ఆరుతుంది, కోడ్ మాత్రం ఇంజిన్ ఇంకో నలభై సార్లు వేడెక్కేదాకా లోపల ఉంటుంది. మూడు రోజులు ఆఫీసుకు అదే లైటుతో వెళ్లాను, ప్రతి సిగ్నల్ దగ్గరా ఫోన్‌లో ట్రిమ్ చూసుకుంటూ. 27 కాస్తా 14, 8, చివరికి 3 దగ్గర నిలిచింది. నాలుగో రోజు పొద్దున బేస్‌మెంట్‌లో తాళం తిప్పితే పసుపు బొమ్మ మిగతా లైట్లతో పాటు వెలిగి, స్టార్ట్ కాగానే వాటితో పాటే ఆరిపోయింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.